బరీ అయ్యాక ఇజ్జత్ ఎవరిస్తారు?

ఎక్కడో బాంబు పేలుతుంది. మర్నాడు పొద్దున పేపరొస్తుంది. ఆ రోజు ముస్లిం ఇళ్లలో పేపరు చదివే తీరే వేరు. హెడ్డింగు చదివి, ఫోటో చూసి, ఎంతమంది పోయారో చూసి అయ్యో అనుకునేలోపే కళ్లు పేర్ల కోసం వెతుకుతాయి. చనిపోయినవాళ్లలో తెలిసినవాళ్లున్నారా అని ఒకసారి. పట్టుబడ్డవాళ్లలో మన పేర్లున్నాయా అని ఇంకోసారి. ఆ రెండో వెతుకులాటలో గుండెదడ ఎక్కువ. పేరుంటే ఆ రోజు ఆఫీసులో ఎలా కూర్చోవాలి, బస్సులో ఎవరైనా ఆ విషయం ఎత్తితే ఏం మాట్లాడాలి, హోటల్లో చాయ్ తాగుతూ గట్టిగా నవ్వొచ్చా అన్నది అప్పుడే తేలిపోతుంది. పేరు లేకపోతే, అల్లాకు షుకర్. మనుషులు ముక్కలైపోయిన వార్త చదివి, అందులో మన పేరు లేనందుకు ముందుగా ఊపిరి పీల్చుకోవాల్సి రావడం ఎంత దీనమైన స్థితో ఆలోచించండి. ఆ స్థితిలోకి మమ్మల్ని నెట్టిందెవరు?

ఈ చదువు మెజారిటీ పాఠకుడికి తెలియదు. ఆయన అదే పేపరు కొంటాడు, అంతే డబ్బులిస్తాడు. కానీ బ్యాంకు మోసంలోనో, హత్య కేసులోనో తన మతంవాడి పేరు కనిపిస్తే ఆయన తలదించుకోనక్కర్లేదు. ఆ నేరం ఆ ఒక్కడిది. మా దగ్గరికొచ్చేసరికి ఒక్కడి నేరం ఖౌమ్ మొత్తం ఖాతాలో పడుతుంది. బ్రిటన్‌లో స్థిరపడిన జమైకా మేధావి స్టువర్ట్ హాల్ 1973లో ఒక మాట చెప్పాడు. మీడియా ఒక అర్థాన్ని దట్టించి పంపుతుంది. దాన్ని అందుకునేవాడు మూడు రకాలుగా చదవొచ్చు. పంపినవాడి అర్థాన్నే ఒప్పుకుని చదవొచ్చు, కొంత ఒప్పుకుని కొంత బేరమాడుతూ చదవొచ్చు, ఎదురు తిరిగి చదవొచ్చు. హాల్ టెలివిజన్ గురించి చెప్పినా పేపరుకూ ఇది సరిపోతుంది. ముస్లిం పాఠకుడు ఈ మూడూ ఒక్క పేపర్లోనే చేస్తాడు. క్రికెట్ పేజీ ఒప్పుకుని చదువుతాడు. ధరల వార్త, కరెంటు కోత వార్త అందరిలాగే చదువుతాడు. మొదటి పేజీ దగ్గరికొచ్చేసరికి మాత్రం ముద్దాయిలా చదువుతాడు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. పేపరు అబద్ధం రాసిందా? చాలాసార్లు రాయలేదనే చెప్పాలి. పోలీసులు ఫలానావాణ్ణి పట్టుకున్నారు, అది నిజం. కమిషనర్ ప్రెస్‌మీట్ పెట్టి ఫలానా మాట అన్నాడు, అదీ నిజం. విలేకరి విన్నదే రాశాడు. సబ్ ఎడిటర్ వచ్చినదాన్నే దిద్దాడు. ఒక్కొక్క వార్తనూ విడదీసి చూస్తే ఎక్కడా తప్పు దొరకదు. కానీ ఇరవై ఏళ్ల పేపర్లన్నీ ఒకచోట పేర్చి, వాటిలోంచి ముస్లిం అనే మనిషిని బయటికి తీసి నిలబెట్టండి. అలాంటి మనిషి మన వీధిలో ఎక్కడా ఉండడు. నిజాలన్నీ కలిసి ఒక అబద్ధమైపోతాయి. ఒక్కొక్క నిజానికీ రాసినవాడు జవాబుదారీ. మరి ఆ మొత్తం అబద్ధానికి ఎవరు జవాబుదారీ? నేను అడుగుతున్న నైతిక ప్రశ్న ఇదే.

దీన్నంతా ఒక కుట్ర అని తేల్చేయడం సులువు. కొన్నిచోట్ల కుట్రలు లేకపోలేదు. అయితే కుట్ర లేనిచోట కూడా ఇదే జరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అమెరికాలో వాల్టర్ లిప్‌మన్, చార్లెస్ మెర్జ్ అనే ఇద్దరు జర్నలిస్టులు 1920లో న్యూయార్క్ టైమ్స్ పేపరును పరీక్షకు పెట్టారు. రష్యా విప్లవం మీద ఆ పేపరు రాసిన వార్తలన్నీ చదివారు. రెండేళ్లలో బోల్షివిక్ ప్రభుత్వం కూలిపోతోందని, కూలిపోయినట్టేనని 91 సార్లు రాసిందని లెక్క తేల్చారు. ప్రభుత్వం కూలలేదు. అబద్ధాలు రాయమని ఎవరూ చెప్పలేదు. జరిగినదాన్ని కాక, జరగాలని తాము కోరుకున్నదాన్ని ఆ పేపరు మనుషులు చూశారని వాళ్లిద్దరూ తేల్చారు. కోరికకు ఉన్నంత బలమే భయానికీ ఉంటుంది. భయపడేవాడు తాను భయపడేదాన్నే చూస్తాడు. దాన్నే అచ్చు వేస్తాడు.

తర్వాత 1965లో నార్వే పరిశోధకులు యొహాన్ గాల్టుంగ్, మారి రూగె ఇంకో అడుగు వేశారు. కాంగో, క్యూబా, సైప్రస్ సంక్షోభాల వార్తలను నాలుగు నార్వే పేపర్లలో పరిశీలించి, ఏ సంఘటన వార్తవుతుంది, ఏది కాకుండా పోతుంది అని అడిగారు. పన్నెండు లక్షణాలు చెప్పారు. పేపరు వెలువడే వ్యవధిలో జరిగి ముగిసిపోయేది వార్తవుతుంది. అర్థంలో తికమక లేనిది, చెడ్డది, ఒక మనిషి ముఖంతో చెప్పగలిగేది, పాఠకుడు ముందే ఊహించి ఉన్నదానికి సరిపోయేది వార్తవుతుంది. ఈ జాబితాను మన అనుభవం పక్కన పెట్టి చూడండి. అరెస్టుకు ఈ లక్షణాలన్నీ ఉన్నాయి. అది రాత్రికి రాత్రి జరుగుతుంది. ముసుగు వేసిన మనిషి ఫోటో దొరుకుతుంది. పోలీసులు కథంతా సిద్ధంగా చెబుతారు. చదివేవాడికి ముందే ఉన్న అనుమానానికి అది అచ్చంగా సరిపోతుంది.

మరి నిర్దోషిగా విడుదల కావడం? అది ఏడేళ్లకో పన్నెండేళ్లకో జరుగుతుంది. అప్పటికి ఆ కేసు రాసిన విలేకరి బదిలీ అయిపోతాడు. తీర్పు వందల పేజీలుంటుంది. సాక్ష్యం ఎందుకు నిలవలేదో నాలుగు వాక్యాల్లో చెప్పడం కష్టం. అన్నిటికంటే మించి అది పాఠకుడు అనుకున్నదానికి అడ్డం తిరుగుతుంది. అందుకే అరెస్టు మొదటి పేజీలో ఎనిమిది కాలమ్‌లకు విస్తరిస్తే, విడుదల లోపలి పేజీలో సింగిల్ కాలమ్‌లోకి ముడుచుకుంటుంది. ఎవరూ కావాలని చేయకపోయినా అన్యాయం జరిగిపోతుంది.

దీనికి అక్షరధామ్ కేసు కంటే పెద్ద ఉదాహరణ లేదు. 2002 సెప్టెంబర్ 24న గాంధీనగర్‌లోని ఆ గుడి మీద దాడి జరిగింది. ముప్పై మందికి పైగా అమాయకులు చనిపోయారు. ఆ కేసులో ఆరుగురు ముస్లింలకు శిక్షలు పడ్డాయి, ముగ్గురికి ఉరి. హైకోర్టు కూడా ఖాయం చేసింది. చివరికి సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులని విడిచిపెట్టింది. దర్యాప్తు జరిపిన తీరును తీవ్రంగా తప్పుపట్టింది. ఆ తీర్పు వచ్చిన తేదీ ఏమిటో తెలుసా? 2014 మే 16. లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వెలువడిన రోజు! ఆ రోజు, ఆ మర్నాడు ఈ దేశంలో ఏ పేపర్లోనూ ఇంకో వార్తకు చోటెక్కడుంది? ఆ పరిస్థితిలో ఏ ఎడిటరైనా ఎన్నికలనే పతాక శీర్షికగా పెడతాడు. దాన్ని తప్పు పట్టను. కానీ మే 18న ఏమైంది? మే 25న ఏమైంది? ఉరికంబం దాకా వెళ్లి వచ్చిన మనుషుల గురించి రాయడానికి ఆ తర్వాతైనా తీరిక దొరకాలి గదా. అరెస్టు గుర్తున్న పాఠకుల్లో ఎంతమందికి ఈ విడుదల సంగతి తెలుసో మీ పక్కవాళ్లని అడిగి చూడండి.

ఇంత దూరం పోనక్కర్లేదు, మన హైదరాబాద్‌కే వద్దాం. 2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలింది. తొమ్మిదిమంది చనిపోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు పోయారు. నమాజుకు వచ్చినవాళ్లే చనిపోయారు, అనుమానం మళ్లీ పాతబస్తీ కుర్రాళ్ల మీదే పడింది. పదుల మందిని పట్టుకెళ్లారు. చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణల మీద విచారణ జరిగింది. కొందరి మీద కేసులు పెట్టారు. కోర్టుల్లో ఆ కేసులు నిలవలేదు. తర్వాత దర్యాప్తు ఇంకో దారి పట్టి, హిందూత్వ సంస్థలతో సంబంధం ఉందన్నవాళ్ల వైపు తిరిగింది. 2012లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ కుర్రాళ్లకు పరిహారం ఇచ్చింది. నిర్దోషులుగా బయటపడ్డవాళ్లకు మూడేసి లక్షలు, పట్టుకుని వదిలేసినవాళ్లకు ఇరవై వేల చొప్పున. మంచి నడవడిక సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కొట్టేసింది.

ఆ నడవడిక సర్టిఫికెట్ దగ్గర కాసేపు ఆగుదాం. కోర్టు నిర్దోషి అన్న తర్వాత కూడా ఒక మనిషికి ఇంకో కాగితం ఎందుకు కావలసి వచ్చింది? ఎందుకంటే కోర్టు తీర్పు పక్కింటివాడు చదవడు. ఇల్లు అద్దెకిచ్చేవాడు చదవడు. పిల్లనిచ్చేవాడు చదవడు. వాళ్లు చదివింది పేపరు. వాళ్ల బుర్రలో ఉన్నది ఆ రోజు ఫోటో. ఉర్దూలో ఒక మాటుంది, 'బాఇజ్జత్ బరీ'. గౌరవంతో సహా నిర్దోషిగా బయటపడటం. ఉర్దూ అఖ్బార్లు ఈ మాటను ఇష్టంగా వాడతాయి. ఆ మాటలో రెండు ముక్కలున్నాయి. బరీ చేయడం కోర్టు చేతిలో ఉంది. ఇజ్జత్ తిరిగి ఇవ్వడం కోర్టు చేతిలో లేదు. దాన్ని తీసుకున్నది వీధి. వీధికి కబురు చేరవేసింది పేపరు. తీసుకున్నవాళ్లే తిరిగి ఇవ్వాలి గదా!

తెలుగు వ్యాకరణం ఈ విషయంలో గొప్ప సదుపాయం ఇచ్చింది. మన ఊళ్లల్లో చదువురాని ముసలమ్మ కూడా తాను చూడనిదాన్ని చెప్పేటప్పుడు 'ట' చేరుస్తుంది. 'వాడే తీశాడట', 'పోలీసులొచ్చారట' అంటుంది. తాను చూసిందేదో, విన్నదేదో ఒక్క అక్షరంతో తేల్చి చెబుతుంది. చదువుకున్న పేపరు దీనికి బదులు 'పోలీసుల కథనం ప్రకారం', 'తెలిసింది', 'సమాచారం' అని రాస్తుంది. అదీ వార్త లోపలే. హెడ్డింగు దగ్గరికొచ్చేసరికి ఇవన్నీ ఎగిరిపోతాయి. అక్కడ 'నిందితుడు' అనే నాలుగక్షరాలకు జాగా చాలదు, 'ఉగ్రవాది' అనే నాలుగక్షరాలకు చాలుతుంది! ముసలమ్మకున్న నియ్యత్ హెడ్డింగుకు ఎందుకు లేకుండా పోయింది? ఉర్దూలో 'ముబయ్యనా' అనే మాటుంది, ఆరోపణగా చెబుతున్న అని దాని అర్థం. ఉర్దూ పేపరు దాన్ని మన కుర్రాళ్ల పేర్ల ముందు తప్పనిసరిగా పెడుతుంది. ఎదుటివాళ్ల పేర్ల ముందు కూడా అంతే శ్రద్ధగా పెడుతోందా? ఈ ప్రశ్న మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇంకో మాట కూడా చూద్దాం. రంజాన్ వస్తే తెలుగు పేపర్లు 'ముస్లిం సోదరులు భక్తిశ్రద్ధలతో ప్రార్థనలు చేశారు' అని రాస్తాయి. రాసేవాళ్లకు దురుద్దేశం లేదు, ఆప్యాయతే ఉంది. కానీ సంక్రాంతికి 'హిందూ సోదరులు ముగ్గులు వేశారు' అని ఎప్పుడైనా చదివామా? సోదరులు అని పిలవడంలోనే పిలిచేవాడు ఎవరో తెలిసిపోతోంది. ఇంటి యజమాని చుట్టాన్ని పలకరించినట్టు ఉంటుందది. 'మనం' అని పేపరు అన్నప్పుడు ఆ మనలో ఎవరున్నారు? బెనెడిక్ట్ ఆండర్సన్ 1983లో జాతి గురించి రాస్తూ, పొద్దున్నే లక్షలమంది ఒకే పేపరు చదవడం ఒక సామూహిక ప్రార్థన లాంటిదని, ఒకరికొకరు తెలియనివాళ్లు అలా ఒక్కటవుతారని అన్నాడు. మంచిమాటే. కానీ ఆ ప్రార్థనలో ముందు వరస ఎవరిది, గుమ్మం బయట నిలబడేదెవరన్నది ఆయన అంతగా పట్టించుకోలేదు.

దీనికి ఒక కారణం పేపరు ఆఫీసు లోపలే ఉంది. 1996లో ఢిల్లీలో బి.ఎన్. ఉనియాల్ అనే జర్నలిస్టు, ఒక దళిత జర్నలిస్టు కోసం వెతికి వెతికి ఎక్కడా దొరకలేదని వ్యాసం రాశాడు. పదేళ్ల తర్వాత 2006లో యోగేంద్ర యాదవ్, అనిల్ చమడియా, జితేంద్ర కుమార్ ఢిల్లీలోని 37 హిందీ, ఇంగ్లీషు మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మంది వివరాలు సేకరించారు. అందులో ఒక్క దళితుడు లేడు, ఒక్క ఆదివాసీ లేడు. ముస్లింలు జనాభాలో వాళ్ల వాటాకు చాలా తక్కువగా ఉన్నారు. అగ్రకుల హిందూ పురుషులే నిండిపోయారు. పట్టుబడ్డవాడి తల్లి ఏమంటోందో ఆ వీధికి వెళ్లి అడిగి రమ్మని చెప్పేవాడు ఆ బల్ల చుట్టూ లేకపోతే, పోలీసు ప్రెస్ నోట్ ఒక్కటే మిగులుతుంది. ఇది మనసు మంచిదా చెడ్డదా అనే విషయం కాదు. ఆ వీధికి దారి ఎవరికి తెలుసు అనే విషయం.

అదే పేపర్లో ఇంకో ముస్లిం కూడా ఉంటాడు. ఈనాడు 1989లో జిల్లా పత్రికలు మొదలుపెట్టింది, మిగతావాళ్లూ అదే దారి పట్టారు. ఆస్ట్రేలియా పరిశోధకుడు రాబిన్ జెఫ్రీ భారతీయ భాషా పత్రికల విస్తరణ మీద 2000లో తెచ్చిన పుస్తకంలో ఈ మార్పుకు పెద్దపీట వేశాడు. చిన్న ఊరి మనిషికి తన పేరు, తన వీధి బోరింగు, తన బడి పేపర్లో చూసుకునే అవకాశం దొరికింది. ఆ జిల్లా పేజీల్లో ముస్లిం మామూలు మనిషిలా కనిపిస్తాడు. దర్గా ఉర్సు ఉంటుంది. ఊరంతా కలిసి ఎత్తుకునే పీర్ల పండుగ ఉంటుంది. రేషన్ కార్డు రాలేదని ధర్నా చేసే బుర్ఖా ఆడవాళ్లుంటారు. జిల్లా పేజీ రాసే విలేకరి ఆ ఊళ్లోనే ఉంటాడు. తప్పు రాస్తే సాయంత్రం చాయ్ దగ్గర నిలదీస్తారు. మెయిన్ పేజీ ముస్లింకు ఊరు లేదు, పేరు లేదు, చాయ్ దగ్గర నిలదీసే చుట్టం లేడు. దగ్గరితనం ఉన్నచోట న్యాయం దానంతట అదే కొంత వస్తుంది. దూరం నుంచి రాసేటప్పుడే న్యాయం ఒక నియమంగా కావాలి.

పాఠకుల మీద జరిగే సర్వేలు ఈ విషయంలో మనకు అక్కరకు రావు. ఎన్ని కాపీలు అమ్ముడయ్యాయి, ఇంట్లో ఎంతమంది చదువుతారు, ఇంటిపెద్ద చదువెంత, టీవీ ఉందా, ఫ్రిజ్ ఉందా అని అడుగుతారు. ఎందుకంటే ఆ లెక్క ప్రకటనలిచ్చేవాడికి కావాలి. ఈ వార్త చదివాక నీ పక్కింటివాణ్ణి చూసే చూపు మారిందా అని ఎవరూ అడగరు. అలా అడిగితే తెలుస్తుంది పేపరు ఏం అమ్ముతోందో.

ఇప్పుడు మనవైపు చూసుకుందాం. ఉర్దూ పేపరు, తెలుగు పేపరు రెండూ వచ్చే ఇళ్లు హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి. పెద్దవాళ్లకు అది, చదువుకునే పిల్లలకు ఇది. ఒకే రోజు, ఒకే నగరం, రెండు వేరు వేరు దేశాల పేపర్లలా ఉంటాయి. అరవింద్ రాజగోపాల్ 2001లో వచ్చిన తన పుస్తకంలో రామజన్మభూమి రోజుల హిందీ, ఇంగ్లీషు పేపర్లను పోల్చి, భాషను బట్టి ప్రజలు చీలిపోయి ఉన్నారని చూపించాడు. మనదీ అలాంటి చీలికే. తెలుగు పేపర్లో అనుమానితుడు మాత్రమే అయినవాడు ఉర్దూ పేపర్లో మజ్లూమ్ మాత్రమే అవుతాడు. ఉర్దూ పేపర్లో వరంగల్ పత్తిరైతు లేడు, ఆత్మహత్య చేసుకున్న చేనేత కార్మికుడు అరుదు. పైగా కోస్తాలో, రాయలసీమలో ఉర్దూ చదవడం రాని ముస్లింలు, దూదేకులవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లకు తెలుగు పేపరు ఒక్కటే దిక్కు. ఉర్దూ పేపరు ఖౌమ్ అన్నప్పుడు వాళ్లు ఆ లెక్కలో ఉన్నారా?

ఈ సందర్భంలో షోయబుల్లా ఖాన్‌ను తలుచుకోకుండా ఉండలేం. మందుముల నర్సింగరావు నడిపిన 'రయ్యత్' అనే ఉర్దూ పత్రికలో పనిచేసి, ఆ తర్వాత 'ఇమ్రోజ్' పత్రిక పెట్టాడు. రజాకార్ల ఆగడాలను రాశాడు, హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలవాలని రాశాడు. 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో ఆయన్ని చంపారు, రాసే చెయ్యి నరికారు. ఆయన్ని తెలుగువాళ్లు 'మంచి ముస్లిం'గా తలుచుకుంటారు. మమ్మల్ని చూపించి, మీరూ ఆయనలా ఉండొచ్చు గదా అంటారు. ఆ తలుచుకోవడంలో ఒక మెలిక ఉంది. షోయబుల్లా గొప్పతనం ముస్లింలను తిట్టడంలో లేదు. ఆయన ఉర్దూలో రాశాడు, ఉర్దూ చదివేవాళ్ల కోసం రాశాడు, వాళ్ల పేరు చెప్పుకుని ఊరేగుతున్నవాళ్లకు ఎదురుగా రాశాడు. తన పేపరు కొనేవాళ్లలో చాలామంది వినడానికి ఇష్టపడని మాట వాళ్ల మొహం మీదే చెప్పాడు. ఆయన్నుంచి నేర్చుకోవలసింది అది. కాబట్టి ఆయన వారసుడు కావాలనుకునే తెలుగు ఎడిటర్ చేయవలసింది ముస్లింలకు బుద్ధి చెప్పడం కాదు. తన మెజారిటీ పాఠకుడికి నచ్చని నిజం మొదటి పేజీలో పెట్టడం.

అలా పెట్టిన పేపర్లు లేకపోలేదు. 2007 జులైలో ఆస్ట్రేలియాలో మహమ్మద్ హనీఫ్ అనే భారతీయ డాక్టరును పట్టుకున్నారు. గ్లాస్గో దాడిలో వాడిన వాహనంలో ఆయన సిమ్ కార్డు దొరికిందన్నారు. ఆ మాట తప్పని ఆ దేశపు విలేకరులే బయటపెట్టారు. పోలీసు విచారణ పత్రాలను 'ది ఆస్ట్రేలియన్' పేపరు విలేకరి హెడ్లీ థామస్ ప్రచురించాడు. పోలీసులు కోర్టుకు చెప్పినదానికి, హనీఫ్ వాళ్లకు చెప్పినదానికి పొంతన లేదని చూపించాడు. నెల తిరక్కుండానే కేసు వీగిపోయింది. హెడ్లీ థామస్‌కు ఆ ఏడాది ఆ దేశపు అత్యున్నత జర్నలిజం బహుమతి ఇచ్చారు. విలేకరి హనీఫ్‌కు ఏ మేలూ చేయలేదు. పోలీసులు ఇచ్చిన కాగితాన్ని ఇంకో కాగితంతో పోల్చి చూశాడు, అంతే. మేం అడిగేదీ అంతే.

ఇక వాయిదా వేసిన ప్రశ్న. 2018 ఏప్రిల్ 16న మక్కా మసీదు కేసులో అసీమానంద్ సహా ఐదుగురిని ఎన్.ఐ.ఏ. కోర్టు సాక్ష్యం లేదని విడిచిపెట్టింది. 2025 జులై 21న, 2006 ముంబై రైలు పేలుళ్ల కేసులో శిక్షలు పడ్డ 12 మంది ముస్లింలను బొంబాయి హైకోర్టు నిర్దోషులంది. వాళ్లలో ఒకరు అప్పటికే జైల్లో చనిపోయారు. సరిగ్గా పది రోజులకు జులై 31న, 2008 మాలేగావ్ పేలుడు కేసులో ప్రజ్ఞా ఠాకూర్ సహా ఏడుగురిని ఇంకో కోర్టు విడిచిపెట్టింది. పది రోజుల తేడాతో వచ్చిన ఈ రెండు తీర్పులను ఎవరెలా చదివారు? ఒక తీర్పుకు న్యాయం గెలిచిందన్నవాళ్లే ఇంకో తీర్పుకు న్యాయం చచ్చిపోయిందన్నారు. ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు.

ముస్లిం పాఠకులకు ఇది చేదుగా ఉంటుందని తెలిసే చెబుతున్నాను. మన కుర్రాడి పేరు ముందు 'ముబయ్యనా' కావాలంటే ప్రజ్ఞా ఠాకూర్ పేరు ముందూ అది ఉండాలి. కోర్టు వదిలిన మన మనిషిని పేపరు వదలాలంటే, కోర్టు వదిలిన వాళ్ల మనిషినీ మనం వదలాలి. దర్యాప్తు నీరుగార్చారా, సాక్షులు ఎందుకు మాట మార్చారు, అప్పీలు ఎందుకు వేయలేదు అని అడగొచ్చు, అడగాలి. ఆ ప్రశ్న ప్రభుత్వానికి. మనిషి మీద ముద్ర వేయడం వేరే పని. మా మీద వేసిన ముద్ర ఎంత మండుతుందో తెలిసినవాళ్లం గనుక ఈ తేడా మాకే బాగా తెలియాలి. ఈ నియమం మాకు మేలు చేసినప్పుడే నియమమైతే, అది నియమం కాదు, పక్షపాతం.

ఈ వాదులాటలో ఎవరికీ పట్టనివాళ్లు ఇంకొందరున్నారు, చనిపోయినవాళ్లు. మక్కా మసీదులో నమాజుకు వెళ్లి తిరిగి రానివాళ్లు, ముంబై రైల్లో ఇంటికి బయలుదేరి చేరనివాళ్లు, మాలేగావ్‌లో రంజాన్ నెలలో వీధిలోకి వెళ్లినవాళ్లు. వాళ్లను చంపిందెవరు? అరెస్టు రోజున జవాబు దొరికిందని పేపరు చెప్పింది, పాఠకుడు నమ్మాడు, ప్రశ్న ఆగిపోయింది. తప్పు మనిషి దొరికిన రోజున అసలు మనిషి తప్పించుకున్నాడు. తొందరపడి వేసిన హెడ్డింగు నిందితుడికే కాదు, చచ్చిపోయినవాడికీ అన్యాయం చేసింది. వాళ్ల తల్లిదండ్రుల మతం ఏదైనా ఆ అన్యాయం ఒకటే.

అందుకని కోరేది పెద్దదేమీ కాదు. అరెస్టు వార్త ఎంత జాగాలో, ఏ పేజీలో వేశారో రాసిపెట్టుకోండి. ఆ కేసు తేలేదాకా వదలకండి. ఏడాదికొకసారైనా ఎక్కడిదాకా వచ్చిందో చెప్పండి. తీర్పు ఏదైనా సరే, అంతే జాగాలో, అదే పేజీలో వేయండి. విడుదలైనవాడు ఒప్పుకుంటే వాడి ఫోటో కూడా, ఈసారి ముసుగు లేకుండా. ఈ పని చేయడానికి లౌకికవాదం మీద ఉపన్యాసాలు అక్కర్లేదు. ఒక డైరీ, ఒక విలేకరి చాలు. ఇక పాఠకులుగా మనం చేయవలసింది కూడా ఒకటుంది. పేరు చూసి తీర్పు చెప్పే అలవాటు మానుకోవడం. మీరు మా పేర్లు చూసి, మేం మీ పేర్లు చూసి. పేపరు మనకు నచ్చేదే వండిపెడుతుంది, మనం అడిగేది మార్చుకుంటే అది వండేదీ మారక తప్పదు.